ఎవరి కోసం ఈ ఫొటో?

పెళ్ళి ఖర్చుల కాగితం ఏటేటా పొడుగవుతోంది. పందిరి, సన్నాయి మేళం, కావిడి, సారె, అందులోకి కాజాలు, పూతరేకులు, ఇవన్నీ మన అమ్మల కాలం నుంచీ ఉన్నవే. ఫొటోల పద్దు ఒక్కటే ఉన్నచోట ఉండటం లేదు. ఒకప్పుడు 'ఫొటోలు, వీడియో' అని ఒకే వరస రాసేవారు. ఇప్పుడు దానికింద ప్రీ వెడ్డింగ్, హల్దీ, మెహందీ, డ్రోను అని నాలుగు వరసలు పుట్టాయి. ఈమధ్య వాటి పక్కన ఇంకో మాట చేరింది. బూడ్వార్ షూట్. మన వైపు స్టూడియోల ధరల కాగితంలో ఆ పేరు కనిపించకపోయినా, పెళ్ళి కుదిరిన అమ్మాయిల ఫోన్లలో కనిపిస్తూనే ఉంది.

"అంటే ఏమిటే?" అని అడిగే పిన్నుల కోసం చెప్తున్నాను. పెళ్ళికి కొన్నాళ్ళ ముందు పెళ్ళికూతురు ఒక్కతే, పడకగదిలాంటి చోట, పల్చటి రాత్రి గౌనుతోనో, లోదుస్తులతోనో, జాకెట్టు లేకుండా చుట్టుకున్న పట్టుచీరతోనో తీయించుకునే ఫొటోలు. వాటిని చిన్న ఆల్బమ్‌గా కట్టించి మొదటి రాత్రి భర్తకి కానుకగా ఇస్తారు. కొందరు ఎవరికీ ఇవ్వరు. తమ కోసమే దాచుకుంటారు.

ఆ మాట ఫ్రెంచి వాళ్ళది. ఇల్లాలు తనకంటూ ఒంటరిగా కూర్చునే గదికి పేరు. మూతి ముడుచుకోవడం అనే అర్థమున్న మాటలోంచి పుట్టింది. మన లెక్కలో అలకగది అన్నమాట. వాళ్ళకి అలకగది ఆడవాళ్ళదైతే, మనకి అలకపాన్పు పెళ్ళికొడుకుది! అది కూడా బండో గొలుసో చేతిలో పడేదాకానే. సరే, అది వేరే కథ.

ఈ ఫొటోల సంగతి వినగానే "ఛీ" అనేవాళ్ళు ఉన్నారు, "మేమూ తీయించుకుంటే బాగుండేది" అని లోలోపల అనుకునేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం వేరే సందేహం వస్తుంది. ఆ పిల్ల ఎవరు అడిగితే తీయించుకుంటోంది? తీశాక ఆ ఫొటో ఎవరి చేతిలో ఉంటుంది?

ఆడపిల్ల ఫొటో పరాయివాళ్ళ చేతుల్లోకి పోవడం మనకి కొత్తేమీ కాదు కదా. మన అక్కలు, పిన్నులు పెళ్ళీడుకి రాగానే స్టూడియోకి తీసుకెళ్ళి, రంగుల తెర ముందు నిలబెట్టి, పూలకుండీ ఉన్న ఎత్తు స్టూలు మీద చెయ్యి ఆనించి ఫొటో తీయించేవారు. నిలువెత్తుది ఒకటి, ముఖం దగ్గరగా కనిపించేది ఒకటి. వెనక పేరు, నక్షత్రం, ఎత్తు, చదువు రాసి కవర్లో పెట్టి, అమలాపురం ఒకటి, తణుకు ఒకటి, భీమవరం ఒకటి పంపేవారు. ఆ కవరు ఎవరింట్లో విప్పారో, ఎంతమంది మగవాళ్ళు చేతులు మార్చుకుని చూశారో, "రంగు తక్కువ" అని ఎవరన్నారో ఆ పిల్లకి తెలిసేది కాదు. సంబంధం తప్పిపోతే ఫొటో వెనక్కి రావాలి. వచ్చినవి కొన్ని, రానివి ఎన్నో. అడిగితే "ఎక్కడో పెట్టామండీ, చూసి పంపుతాం" అనేవారు. మా ఇళ్ళల్లోని ఆడవాళ్ళ పాత ఫొటోలు ఇవాళ ఎవరెవరి ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయో!

ఇక నెగెటివు స్టూడియోవారి దగ్గరే. రోడ్డు మీదికి కనిపించే షోకేసులో ఎవరో ఒక పెళ్ళికూతురు ఏళ్ళ తరబడి నవ్వుతూనే ఉండేది. ఆమెకి ఇద్దరు పిల్లలు పుట్టి బడికి వెళ్తున్నా ఆ ఫొటో అక్కడే ఎండకి వెలిసిపోతూ ఉండేది. ఆ అమ్మాయిని అడిగి పెట్టారా అన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు. అది మర్యాదగానే ఉండేది మనకి. ఎందుకంటే పంపింది నాన్నగారు, పెట్టింది స్టూడియో ఆయన. ఆ పిల్ల తనంతట తాను తీయించుకుంటానంటేనే మర్యాద పోతుందంటున్నాం.

ఇందులో పిల్ల తన కోసం తీయించుకున్నది ఏదైనా ఉందా అంటే, పూలజడ ఫొటో ఒకటి ఉంది. వేసవిలో మల్లెలు దొరికే రోజుల్లో, తెల్లారి నుంచి ఇంటి ఆడవాళ్ళంతా కూర్చుని కుట్టిన జడ. వెనకాల నిలువుటద్దం పెట్టి, ముఖం కెమెరా వైపు, జడ అద్దంలో కనిపించేలా తీసేవారు. ఆ ఫొటో చూసుకున్నప్పుడు మన కళ్ళు మెరిసిన మాట అబద్ధమా? అలంకరించుకున్న ఆడది తనని తాను చూసుకుని మురిసిపోవడం మన కావ్యాలకీ నాట్యానికీ బాగా తెలుసు. అష్టవిధ నాయికల్లో వాసకసజ్జిక పనే అది. గది సర్దుకుని, తాను ముస్తాబై ఉంటుంది. రాజమండ్రిలో పుట్టి, 1925లో ముప్ఫయ్యేళ్ళైనా నిండకుండా పోయిన దామెర్ల రామారావుగారు 'పుష్పాలంకరణ' అని బొమ్మ వేశారు. ఆయన పేరుతో ఉన్న చిత్రశాలకి ఇంటిల్లిపాదీ వెళ్ళి చూసొస్తాం. అందుకని 'మన సంస్కృతిలో లేదు' అనే మాట దగ్గర నేను ఆగను.

నేను ఆగేది ఇంకోచోట.

మాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో అమ్మాయికి తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్ళికి రెండు నెలల గడువు. అబ్బాయి రోజూ రాత్రి ఫోను చేసేవాడు. కొన్నాళ్ళకి ఫొటోలు అడిగాడు. మామూలువి పంపింది. "అవి కాదు" అన్నాడు. "ఎలాగూ నీ మొగుడినే కదా, నా దగ్గర సిగ్గేమిటి, నా మీద నమ్మకం లేదా" అన్నాడు. నాలుగు పంపింది. ఆ తర్వాత లాంఛనాల దగ్గర మాట తేడా వచ్చి సంబంధం తప్పిపోయింది. పెద్దమనుషులు కూర్చుని ఇచ్చిపుచ్చుకున్నవన్నీ లెక్క చూశారు. చీర, ఉంగరం, వెండి కుంకుమభరిణెతో సహా లెక్క తేలింది. ఆ నాలుగు ఫొటోల సంగతి ఆ లెక్కలో లేదు. ఉండాలంటే ముందు ఆ పిల్ల నోరు విప్పి చెప్పాలి. తల్లికి కూడా చెప్పలేకపోయింది. ఇప్పుడామెకి వేరేచోట పెళ్ళై రెండేళ్ళ బాబు. "ఆ అబ్బాయి ఇప్పటిదాకా ఏమీ చెయ్యలేదక్కా" అంది నాతో. ఆ 'ఇప్పటిదాకా' అన్నమాటతోనే రోజూ పడుకుని లేస్తోంది. ఊరూ పేరూ లేకుండా రాయమంది కాబట్టి రాస్తున్నాను.

తాంబూలాలకీ తాళికీ మధ్య ఉన్న ఆ రెండు మూడు నెలలూ మన ఇళ్ళల్లో వింత కాలం. మాట్లాడుకోండి అంటాం, తిరిగి రమ్మంటాం, కానీ ఏం మాట్లాడుకోవాలో, ఎంతవరకో చెప్పం. అబ్బాయి అడిగితే కాదంటే సంబంధం ఏమవుతుందో అన్న భయం అమ్మాయికి. అలా భయపడి తీయించుకునే ఫొటో ఎంత అందంగా వచ్చినా నాకు నచ్చదు. అబ్బాయి అడగకుండా, అసలు అతనికి తెలియకుండా, 'నా ఇరవయ్యారో ఏట నేనెలా ఉన్నానో నాకు కావాలి' అని తీయించుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఇంకో షరతు. పెళ్ళి కాకుండా ఒక్కటి కూడా ఫోన్లో వెళ్ళకూడదు. అచ్చువేసిన ఆల్బమ్ చేత్తో ఇవ్వాలి, చూశాక చేత్తోనే వెనక్కి తీసుకోవాలి.

మరి సిద్ధమవడం అంటే ఏమిటి? ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తే ముఖానికి ఏం రాయాలో, ఎన్ని కిలోలు తగ్గాలో చెప్తారు. నన్నడిగితే మొదటి పని కాగితం, కలం.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి మనం తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందమేదీ లేకపోతే, తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారులు. తీసిన ఆయన కాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అందుకే ఈ ఫొటోల డబ్బు పెళ్ళి పద్దులో కలపొద్దు. మావయ్యగారు కట్టే మొత్తంలోనూ వద్దు, పెళ్ళికొడుకు పంపే డబ్బుతోనూ వద్దు. తన పేరు మీద, తన ఖాతాలోంచి కట్టి రసీదు తీసుకోవాలి. స్టూడియోవాళ్ళు సంతకం పెట్టమనే కాగితం చదవకుండా పెట్టొద్దు. 'మా ప్రచారానికి వాడుకోవచ్చు' అని అందులో ఒక మూల ఉండొచ్చు. ఆ వాక్యం కొట్టేయించి, 'ఎక్కడా పెట్టం, ఎవరికీ చూపించం, అప్పగించాక మా దగ్గరున్నవన్నీ తీసేస్తాం' అని రాయించుకోవాలి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడేవాళ్ళు ఈ ఫొటోల జోలికి పోకపోవడమే మంచిది. అడిగినందుకు విసుక్కునే ఫొటోగ్రాఫర్ దగ్గరికి అసలే పోవద్దు.

ఇంకో చిన్న ఉపాయం. కెమెరాలో వేసే మెమరీ కార్డు కొత్తది మనమే కొని పట్టుకెళ్ళాలి. వచ్చేటప్పుడు దాన్ని మనమే తెచ్చుకోవాలి. కార్డులోంచి 'తీసేశాను' అన్న ఫొటోలని మళ్ళీ వెలికితీసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. కార్డు మన పర్సులో ఉంటే ఆ బెంగ సగం తగ్గుతుంది. మిగతా సగం ఎడిటింగు, అచ్చు. ఆల్బమ్ దిద్దే పని చాలా స్టూడియోలు ఇంకో ఊళ్ళోని వాళ్ళకి ఇస్తాయి, ప్రింటు ఇంకోచోట. ఎన్ని కళ్ళ ముందునుంచి పోతుందో ముందే అడగాలి. కావాలంటే ముఖం కనిపించే ఫొటోలు వేరు, కనిపించనివి వేరుగా తీయించుకోవచ్చు. మెడ వంపు, జడ, గోరింటాకు చేతులు, నడుం మీద వడ్డాణం, ఇవి ఎవరివో చూసేవాళ్ళకి తెలియవు, మనకి తెలుస్తాయి.

తీసేది ఆడవాళ్ళైతే ఎంతో నయం. గదిలో ఎవరెవరు ఉంటారో ముందే తేల్చుకోవాలి. లైటు పట్టుకునే కుర్రాడు లెక్కలోకి రాడనుకుంటాం. అతనికీ కళ్ళూ ఫోనూ ఉంటాయి! వదిననో, దగ్గరి స్నేహితురాలినో వెంట తీసుకెళ్ళండి. అమ్మని తీసుకెళ్ళగలిగితే ఇంకా మంచిదే కానీ, అంత అదృష్టం ఎంతమందికి ఉంటుందిలెండి. ఇంటికొచ్చాక ఫోన్లోకి ఎక్కించేముందు ఒకసారి చూసుకోండి. చాలా ఫోన్లు ఫొటోలని వాటంతటవే గూగుల్ ఖాతాలోకి పంపేస్తాయి. ఆ ఖాతా ఇంట్లో టీవీకి కూడా కలిపి ఉందనుకోండి, సాయంత్రం నాన్నగారు వార్తలు పెట్టబోతే ఏం కనిపిస్తుందో ఊహించుకోండి!

ఇక ఒంటి సంగతి. ఇది క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే దీనిమీద రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మందుల షాపులో 'తెల్లబడే క్రీము' అని అడిగి తెచ్చుకునేవాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారాల్లో ముఖం నిగనిగలాడుతుంది. వాడగా వాడగా చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. మానేస్తే మంట పెరుగుతుంది. సరిగ్గా ముహూర్తం నాటికి ఆ అవస్థ వస్తే ఎవరికి చెప్పుకుంటాం? డాక్టరు చీటీ లేకుండా వద్దేవద్దు. గోరింటాకు ఎర్రగా పండుతుంది, నల్లగా పండదు. గంటలో నల్లగా పండిందంటే ఆ కోనులో జుట్టు రంగుల్లో వాడే పి.పి.డి. అనే రసాయనం కలిసి ఉండొచ్చు. పడనివాళ్ళకి బొబ్బలెక్కి మచ్చలు పడతాయి. మోచేతి లోపల చుక్క పెట్టి రెండు రోజులు ఆగి చూడాలి. పెరట్లో చెట్టు ఉంటే ఈ గొడవే లేదు. కొత్త ఫేషియల్ ఏదైనా ఆ వారంలో చేయించుకోవద్దు. అమ్మమ్మ కలిపే సున్నిపిండికి సరిపడే ఒంటికి ఇంకేం కావాలి.

లంగా బొందు బిగించి కట్టుకుంటే నడుం మీద ఎర్రగా అచ్చు పడుతుంది. అది చెరగడానికి చాలా సేపు పడుతుంది. అందుకని ఆ రోజు పొద్దున్నుంచీ వదులు బట్టలు వేసుకోండి. పస్తుండి వెళ్ళకండి. మన గోదావరి వైపు వైశాఖ, జ్యేష్ఠాల్లో ఉక్కకి, లైట్ల వేడికి, ఖాళీ కడుపుకి కళ్ళు తిరిగి పడిపోతారు. రెండు ఇడ్లీలు తిన్నంత మాత్రాన ఫొటోలో పొట్ట కనిపించదు. కనిపిస్తే కనిపించనివ్వండి, అది మీ పొట్టే.

రంగు గురించి కూడా ముందే చెప్పేయాలి. వెనకటి రోజుల్లో స్టూడియో ఆయన నెగెటివు మీద సన్నటి పెన్సిలుతో దిద్ది మచ్చలు మాయం చేసేవాడు. ఇప్పుడు కంప్యూటరు ఒంటినంతా పాలసముద్రంలో ముంచి తీస్తుంది. చామనఛాయ పిల్ల తన కోసమే తీయించుకున్న ఫొటోలో కూడా తెల్లటి పరాయి పిల్లని చూసుకోవాలా? నా రంగు మార్చొద్దు, మెడ కింది పుట్టుమచ్చ తీసేయొద్దు అని రాయించుకునే కాగితంలోనే ఒక ముక్క రాయించండి.

అన్నీ చూసుకున్నా ఒకవేళ ఫొటో బయటికి పోతే? తీయించుకున్నది నువ్వే కదా, ఇంకేం మాట్లాడతావని పోలీసు స్టేషన్లో ఎవరైనా అంటే నమ్మకండి. 2013లో చట్టం మారింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షనులోనూ అదే ఉంది. లోదుస్తుల్లో ఉన్న ఫొటోకైనా అది వర్తిస్తుంది. తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకి పంపడానికి ఒప్పుకోకపోతే, పంపినవాడు నేరస్థుడే. మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. మళ్ళీ చేస్తే మూడు నుంచి ఏడేళ్ళు. 'సరే' అని ఒక్కసారి అన్నంత మాత్రాన అన్నిటికీ సరే అన్నట్టు కాదని చట్టమే చెప్తోందన్నమాట. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఆడవాళ్ళు ఇలాంటివాటి మీద పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. సైబర్ నేరాలకి 1930, మహిళల సహాయానికి 181 నంబర్లు రాసిపెట్టుకోండి. 2021 నుంచి 'స్టాప్ ఎన్‌సిఐఐ' అని ఒక సేవ కూడా ఉంది. మన ఫోన్లోనే ఆ ఫొటోకి ఒక గుర్తుసంఖ్య తయారవుతుంది. ఫొటో ఎవరికీ పంపనక్కర్లేదు, ఆ సంఖ్య వెళ్తే చాలు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లాంటివి దాంతో పోల్చి చూసి అడ్డుకుంటాయి. బెదిరించేవాడికి డబ్బు పంపొద్దు, వాడు పంపినవి చెరిపెయ్యొద్దు. అవే సాక్ష్యం.

నిషేధిస్తే పోతుంది కదా అనేవాళ్ళు ఉన్నారు. 2019లో భోపాల్‌లో కొన్ని సమాజాల పెద్దలు ప్రీ వెడ్డింగ్ ఫొటోలు కూడదని కట్టడి చేశారు. 2020లో కేరళ జంట ఒకటి, అప్పటికే పెళ్ళైన జంట, వాగమోన్ తేయాకు తోటల్లో తెల్లటి దుప్పట్లు చుట్టుకుని ఫొటోలు దిగితే దేశమంతా తిట్టింది. లోపల బట్టలు వేసుకునే ఉన్నామని వాళ్ళు చెప్పినా వినలేదు. ఉన్నది ఇద్దరైనా ఎక్కువ తిట్లు తిన్నది ఆ అమ్మాయే. వాళ్ళు మాత్రం ఆ ఫొటోలు తీసేయలేదు. కట్టడి పెట్టినచోట ఆడపిల్లలు మానేస్తారని నేననుకోను, చెప్పడం మానేస్తారు. నేను పైన చెప్పిన పిల్ల తల్లికి చెప్పలేకపోయింది చూశారా, దాని వెనకున్నదీ అదే భయం. అందుకే తల్లులకి ఒక మాట. కూతురు ఎప్పుడైనా "అమ్మా, ఒక ఫొటో..." అని మొదలుపెట్టి ఆగిపోతే, "ఎందుకు దిగావే" అన్నది మొదటి మాట కాకుండా చూసుకోండి. "ఎవరి దగ్గరుంది?" అని అడగండి. మిగతావి తర్వాత తిట్టుకోవచ్చు.

ఆల్బమ్ వచ్చాక దాచే చోటు గురించి కూడా చెప్పాలి. అట్టమీద పేర్లు, తేదీ వేయించొద్దు, మామూలు డైరీలా కట్టించండి. పెళ్ళయ్యాక ఉమ్మడి కాపురానికి వెళ్ళేవాళ్ళైతే పెట్టెలో పెట్టి సారెతోపాటు పంపొద్దు. సారె విప్పేది మనం కాదు, పేరంటాళ్ళందరి మధ్యా అత్తయ్యగారు విప్పుతారు. చేతిసంచీలో తీసుకెళ్ళండి. గోద్రెజ్ బీరువాలో లోపల చిన్న లాకరు ఉంటుంది, దానికి వేరే తాళంచెవి ఉంటుంది. చాలా ఇళ్ళల్లో ఆ రెండో చెవి ఎవరి దగ్గరుందో పెళ్ళైన పదేళ్ళకి కూడా కోడలికి తెలియదు. కాపురానికి వెళ్ళిన వారంలోపే అది అడిగి తీసుకోండి.